స్టీమ్ పైపు మీద రబ్బరు ముక్కలు

రబ్బరు ఫ్యాక్టరీలో కెమిస్టుగా పనిచేశానని చెబితే మా చర్చిలో ఒకావిడ ఇప్పటికీ, "అంటే హవాయి చెప్పులా?" అని అడుగుతుంది. మొదట్లో కాదని ఓపిగ్గా వివరించేదాన్ని. ఇప్పుడు "ఆ, చెప్పులే" అనేస్తున్నాను. మొన్న మా అపార్ట్‌మెంటులో ఒకమ్మాయి, కొత్తగా ఏదో టైర్ల కంపెనీ లాబులో చేరిందట, లిఫ్టులో నన్ను పట్టుకుని, "ఆంటీ, మీ సర్వీసులో మీరు సాల్వ్ చేసిన అన్నిటికన్నా పెద్ద ప్రాబ్లం ఏంటి?" అని అడిగింది. లిఫ్టు మూడో అంతస్తుకు చేరేలోగా చెప్పే సంగతి కాదు అది. పైగా ఆ ప్రాబ్లంలో నేను సాల్వ్ చేసింది సగమే. మిగతా సగం ఎవరు చేశారో చెప్పాలంటే కాస్త కూర్చోవాలి. అందుకే ఇలా రాస్తున్నాను. లాబుల్లో కొత్తగా చేరినవాళ్ళు చదివితే మంచిదే, చదవకపోయినా నాకు చెప్పుకున్నట్టు ఉంటుంది.

మా ఫ్యాక్టరీ సికింద్రాబాద్ శివార్లలో ఉండేది. లారీల కింద, బస్సుల కింద కీళ్ళుంటాయి కదా, వాటికి దుమ్మూ నీళ్ళూ తగలకుండా తొడిగే రబ్బరు తొడుగులు చేసేవాళ్ళం. చూడ్డానికి మడతలు మడతలుగా చిన్న లోటాల్లా ఉంటాయి. చాలా ఏళ్ళు వాటిని నేచురల్ రబ్బరుతోనే చేశాం. చెట్టు పాల నుంచి వచ్చే ఆ రబ్బరుకు సాగే గుణం ఎక్కువ, కానీ ఎండకూ గాలికీ పగుళ్ళొస్తాయి. మాకు ఆర్డర్లిచ్చే బండ్ల కంపెనీ వాళ్ళు పగుళ్ళు రాని రకం కావాలని పట్టుబడితే, నేచురల్ రబ్బరులో ఎండకు తట్టుకునే ఒక సింథటిక్ రబ్బరు కలిపి కొత్త మిశ్రమం తయారు చేశాం. ఆ పని నాదే. దాని మీద నాకు తగని మురిపెం ఉండేదని ఒప్పుకుంటాను.

ఇక్కడ కొంచెం కెమిస్ట్రీ తప్పదు, భరించండి. పచ్చి రబ్బరులో పొడుగాటి గొలుసుల్లాంటి అణువులు ఒకదాని మీద ఒకటి జారిపోతూ ఉంటాయి. గంధకమూ, దాని పనిని తొందరపెట్టే మరికొన్ని పొడులూ కలిపి, మోల్డులో పెట్టి వేడిచేస్తే, ఆ గొలుసుల మధ్య గంధకం వంతెనలు కడుతుంది. అప్పుడు రబ్బరుకు ఆకారమూ బలమూ వస్తాయి. ఒకసారి కట్టిన వంతెనలు మళ్ళీ విప్పి మొదటి స్థితికి తేవడం మన వల్ల కాదు. ఉడికిన అన్నాన్ని బియ్యం చేయలేం కదా, అలాగే.

ఒక్క రబ్బరయితే గొడవ లేదు. రెండు కలిపినప్పుడే వస్తుంది. నేచురల్ రబ్బరులో గంధకం పట్టుకునే చోట్లు బోలెడు, సింథటిక్‌లో కొన్నే. పొడులన్నీ ఒకేసారి కలిపితే నేచురల్ రబ్బరు తన వాటాతో పాటు రెండోదాని వాటా కూడా లాగేసుకుంటుంది. అందుకని మేం ముందుగా సింథటిక్ రబ్బరులో దానికి కావలసిన పొడులు దిట్టంగా కలిపి, ఆ తర్వాతే నేచురల్ రబ్బరుతో రోలర్ల మిల్లు మీద కలిపేవాళ్ళం. కలిపిన షీట్లను చల్లని గదిలో ఉంచి, మోల్డుల్లో నొక్కి ఉడికించే ప్రెస్సుకు ఇచ్చేవాళ్ళం.

మిల్లు మీద ఈ పని చేసేది మిక్సింగ్ మేస్త్రీ. ఆయనది సికింద్రాబాద్‌లోనే కార్ఖానా అనే బస్తీ. వాళ్ళ నాన్న, తాత అక్కడివాళ్ళే. నాకంటే ముందునుంచీ ఆ ఫ్యాక్టరీలో ఉన్నారు. మనిషి మితభాషి, నేను వాగుడుకాయను, కనుక మాకు బాగా కుదిరింది. పొడులు తూచేటప్పుడు ఎవరైనా పక్కన మాట్లాడితే తూకం ఆపేసి, వాళ్ళు వెళ్ళేదాకా గోడవైపు చూస్తూ నిలబడేవారు. నన్ను కూడా అలా రెండు మూడుసార్లు బయటికి పంపించారు.

కొత్త తొడుగులు వేసవిలో మొదలుపెట్టాం. వేసవంతా, వానాకాలమంతా ఒక్క ఫిర్యాదు లేదు. చలికాలంలో చేసినవి మాత్రం కొన్నాళ్ళకే చిరిగిపోయి తిరిగి రావడం మొదలైంది. అన్నీ కాదు, కొన్ని. వచ్చినవాటి మీద గుర్తులు చూస్తే చాలావరకు పొద్దున షిఫ్టువి. హార్డ్‌నెస్ మీటరు పెట్టి చూస్తే గట్టిదనం సరిగ్గానే ఉంది. మా లాబులో ప్రతి బ్యాచి నుంచీ ఒక ముక్క తీసి పరీక్షించేవాళ్ళం, ఆ పరీక్షలన్నీ పాసే. నాకు తిక్క లేచింది. నా మిశ్రమం, నా పరీక్షలు, బజారులో నా పరువు.

మా ఓనరు సార్ బయటినుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన చిరిగిన తొడుగులు తీసుకెళ్ళి పరీక్షించి, సింథటిక్ భాగం సరిగ్గా ఉడకలేదనీ, దానికి పొడులు చాల్లేదనీ రాసిచ్చారు. అది నిజమే. కానీ ఆ మాట విన్న సార్ ఇంకో మాటకు ఎగబాకారు. పొడులు చాల్లేదంటే ఎవరో తీసేస్తున్నారని. ఆ పొడులు ఖరీదైనవి, చిన్న పొట్లంలో ఇమిడిపోతాయి. తూచేది ఒక్క మేస్త్రీ.

"సార్, ఆయన పొడి తగ్గించి ఉంటే మా లాబు పరీక్షలో దొరికేది కదా" అన్నాను.

"మీకిచ్చే శాంపిల్ కరెక్ట్‌గా కలుపుతాడు మేడం. మిగతాదాంట్లో చేతివాటం చూపిస్తాడు. సింపుల్" అన్నారు సార్.

మనుషుల మీద అనుమానం వస్తే ప్రతిదీ ఎంత సింపుల్‌గా అతుక్కుంటుందో ఆరోజే చూశాను. వారం తిరక్కుండా మేస్త్రీ సంచి వెతికించి, ఆయన్ని విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నారు. విచారణలో తేలితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం సంగతి అలా ఉంచండి, కార్ఖానాలో తరతరాలుగా ఉన్న మనిషికి దొంగ అనే పేరు పడితే ఆ గల్లీలో ఎలా నడుస్తాడు? నాకు ఆ ఆలోచనతో అన్నం సహించలేదు.

అన్నం అంటే గుర్తొచ్చింది, అసలు సంగతి బయటపడింది అన్నం డబ్బాలోనే. మా ఫ్యాక్టరీలో చలికాలం వస్తే ఒక అలవాటుండేది. ప్రెస్ సెక్షన్ పక్కనుంచి బాయిలరు స్టీమ్ పైపు పోయేది. దాని మీద గోనెపట్టాలు పరిచి, అందరి డబ్బాలూ వరసగా పేర్చి, పైన ఇంకో గోనెపట్టా కప్పేవాళ్ళు. మధ్యాహ్నానికి అన్నం కూరా వెచ్చగా ఉండేవి. ప్రెస్ సెక్షన్‌లో పనిచేసేది అంతా ఆడవాళ్ళే, ఆ ఏర్పాటుకు పెద్ద దిక్కు వాళ్ళలో సీనియరు ఆపరేటరు ఒకావిడ. అందరూ అక్కా అనే పిలిచేవాళ్ళం. లాబువాళ్ళ డబ్బాలు కూడా ఆవిడ చేతికే ఇచ్చేవాళ్ళం. ఆవిడ నోటికి మేనేజర్లు సైతం జంకేవారు.

ఒకరోజు డబ్బా మూత తీస్తే చపాతీలనుంచి గుప్పున రబ్బరు పొడి వాసన. నాకసలే చిరాకుగా ఉంది. డబ్బా పట్టుకుని ప్రెస్ సెక్షన్‌కు పోయి, "ఏంటక్కా ఇది, చపాతీలా ట్యూబులా?" అని దులిపేద్దామని గోనెపట్టా ఎత్తాను. డబ్బాల పక్కన, డబ్బాల మధ్య, మోల్డుల్లో పెట్టడానికి కోసిన రబ్బరు ముక్కలు. నా రబ్బరు ముక్కలు.

"ఇవి ఇక్కడెందుకున్నాయి?"

"పొద్దుగాల సల్లటి గదికెళ్ళి తెస్తే రాళ్ళ లెక్క ఉంటయి మేడం. మోల్డుల కూసోవు. నొక్కి నొక్కి వేళ్ళన్ని గుంజుతయి. జెర ఎచ్చవెడితే మెత్తగైతయి" అంది అక్క.

"ఎప్పటినుంచి పెడుతున్నారు?"

"ఏండ్ల సంది. ప్రతి చలికాలం. ఎప్పుడేం కాలే. ఇయ్యాల కొత్తగ ఏమైంది?"

కొత్తగా అయింది రబ్బరే. పాత నేచురల్ రబ్బరు ఆ మాత్రం వెచ్చదనానికి ఏమీ అనుకునేది కాదు. ఈ కొత్త మిశ్రమంలో సింథటిక్ వైపు మేం దిట్టంగా పెట్టిన పొడులు, గంటల తరబడి వెచ్చగా ఉంటే, మెల్లగా నేచురల్ రబ్బరులోకి జారుకుంటాయి. అక్కడ వాటికి కూర్చోవడానికి చోటెక్కువ. తర్వాత ప్రెస్సులో ఉడికించినప్పుడు ఒక రబ్బరు అతిగా బిగుసుకుంటుంది, రెండోది సగం పచ్చిగా మిగిలిపోతుంది. రెండింటి సగటు గట్టిదనం మామూలుగానే ఉంటుంది, కనుక మీటరుకు తెలియదు. మా లాబు ముక్క మిల్లు మీదనుంచి నేరుగా వస్తుంది, అది ఎప్పుడూ స్టీమ్ పైపు మీద కూర్చోలేదు. చేతిలో డబ్బా పట్టుకుని ఇదంతా ఆలోచిస్తూ అక్కడే నిలబడిపోయాను. మేస్త్రీ బయటపడ్డారని ఎంత సంతోషం కలిగిందో, ఆ వెంటనే అక్క మొహం చూసి అంత భయం వేసింది.

అనుకున్నంత మాత్రాన చాలదు, రుజువు కావాలి. ఒకే బ్యాచిని రెండు చేసి, సగం ముక్కలు చల్లగా ఉంచి, సగం పైపు మీద పెట్టి, రెండింటినీ ఒకేలా ఉడికించాను. తర్వాత సరిగ్గా ఉడకని రబ్బరును కరిగించే టోలుయీన్ ద్రావకంలో, రెండు సీసాల్లో విడివిడిగా నానబెట్టాను. చల్లగా ఉంచినవి కాస్త ఉబ్బి ఊరుకున్నాయి. వెచ్చబెట్టినవి మెత్తబడి, జిగురుగా అయి, ద్రావకం మురికిగా తయారైంది. లాగి చూస్తే ఎక్కడికక్కడ చిరిగాయి. తిరిగొచ్చిన తొడుగులూ అచ్చం ఇలాగే ప్రవర్తించాయి.

విచారణకు ముందు ఈ సంగతి అక్కకు చెప్పకుండా ఉండటం నాకు న్యాయమనిపించలేదు. విని, ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అంటే మేస్త్రీ మీదికెళ్ళి తీసి మా మీదేస్తున్నరా?"

"మీ మీద వెయ్యను. రబ్బరు సంగతి మాత్రం చెప్తాను, ఎవరు పెట్టారో నేను చెప్పను."

"పైపు మీద ముక్కలు పెట్టిందెవ్వరంటే సెక్యూరిటోడు పెట్టిండనుకుంటడా సార్?" అంది.  ఆవిడే మళ్ళీ, "రబ్బరు మారిందని మాకెవ్వరన్న చెప్పిన్రా మేడం? మీటింగులు పెట్టుకున్నరు, చాయలు తాగిన్రు. ఒక్క మాట మాకు చెప్తే మీ సొమ్మేం పోతుండె?" అంది. నిజమే. కొత్త మిశ్రమం గురించి మేం పెట్టుకున్న మీటింగుల్లో గోడౌను వాళ్ళున్నారు, కొనుగోలు వాళ్ళున్నారు, ప్రెస్ మెషీన్లు అమ్మినవాళ్ళ మనిషి కూడా ఉన్నాడు. ఆ రబ్బరును రోజంతా చేత్తో పట్టుకునేవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆదివారం చర్చి అయ్యాక కార్ఖానాలో మేస్త్రీ ఇంటికి వెళ్ళాను. ఇంట్లో తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్నారు. అంతా చెప్పాను. ఎగిరి గంతేస్తారనుకున్నాను.

"ఆడోళ్ళ నౌకరీలు పోతయా మేడం?" అన్నారు.

"ముందు మీ సంగతి చూసుకోండి మేస్త్రీ గారూ."

"నేను తియ్యలే. అది నాకెర్కే. వాళ్ళ పేర్లెత్తకుండ చెప్పనీకి రాదా?"

"సైన్సు సగం చెబితే ఎవరు నమ్ముతారండీ?" అని విసుక్కున్నాను. ఆయన భార్య చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆమె నా వైపు చూడలేదు. ఫ్యాక్టరీనుంచి వచ్చిన మనిషిని కదా, నన్ను కూడా వాళ్ళలో ఒకదాన్నిగానే చూసిందనుకుంటాను. నాకు చాలా చిన్నతనం అనిపించింది.

విచారణ మేనేజరు గదిలో పెట్టారు. సార్, మేనేజరు, నేను కుర్చీల్లో. మేస్త్రీ కూర్చోమన్నా కూర్చోలేదు. రెండు సీసాలూ బల్ల మీద పెట్టి, చెప్పాల్సింది చెప్పాను. సార్ తెలివిగల మనిషే, త్వరగానే అర్థం చేసుకున్నారు. అర్థమైన మరుక్షణం అడిగారు.

"ఓకే. మరి వెచ్చబెట్టింది ఎవరు?"

నేను ముందే తయారు చేసుకున్న డొంకతిరుగుడు జవాబు మొదలుపెట్టాను. ఈలోగా తలుపు తోసుకుని అక్క వచ్చింది. పిలవలేదు, రావద్దని మరీ మరీ చెప్పాను.

"మేమే పెట్టినం సార్. నేను పెట్టమన్న. తెల్వక పెట్టినం. గాయిన దొంగ కాడు. ఏమన్నుంటే నన్ను అనుండ్రి."

సార్ మొహం ఎర్రబడింది. "ప్రెస్ సెక్షన్ మొత్తానికి మెమోలు ఇష్యూ చేయండి" అన్నారు మేనేజరుతో.

నాకు కోపమొస్తే ముందూ వెనకా తెలియదు. "ఇవ్వండి సార్. ముక్కలు వెచ్చబెట్టకూడదని ఫ్యాక్టరీలో ఎవరికైనా ఎప్పుడైనా చెప్పామా? చెప్పి ఉంటే ఇవ్వండి. చెప్పకపోతే మొదటి మెమో మీటింగులో కూర్చున్న మనందరికీ ఇవ్వాలి, మీతో సహా" అన్నాను.  మేనేజరు సీసాల వైపు చూస్తూ కూర్చున్నాడు. నా ఉద్యోగం కూడా ఈరోజుతో సరి అనుకున్నాను.

సార్ చాలాసేపు పెన్ను తిప్పి, చివరికి, "సరే, మెమోలు వద్దు. ప్రెస్ దగ్గర బోర్డు పెట్టండి. పొద్దున వాళ్ళ చేతుల తక్లీఫ్‌కు ఇంకేదైనా దారి చూడండి" అన్నారు. అక్క వెళ్ళిపోయింది. ఆయన మేస్త్రీ వైపు తిరిగి, "మీరు రేపటినుంచి డ్యూటీకి వచ్చేయండి మేస్త్రీ. అయిపోయింది కదా" అన్నారు.

మేస్త్రీ కదల్లేదు.

"సార్, మీరు రూముల చెప్పిన్రు. నా సంచి గేటు కాడ కుమ్మరిచ్చిన్రు. షిఫ్టు మారేటప్పుడు, అందరు చూస్తుండంగ. అన్నం గిన్నె మూత సుత తీపిచ్చిన్రు. గా మాట సుత గాడనే చెప్పుండ్రి. చెప్పినంక వస్త."

అన్నం గిన్నె సంగతి నాకప్పటిదాకా తెలియదు. ఆయన ఇంటికి వెళ్ళినప్పుడు కూడా చెప్పలేదు. సార్ ఏదో అనబోయారు, ఈలోపే మేస్త్రీ నమస్కారం పెట్టి బయటికి నడిచారు. ఎంతటి అవమానాన్ని మూతపెట్టుకుని ఆయన అంత నెమ్మదిగా మాట్లాడారో నేనిప్పటికీ తల్చుకుంటూ ఉంటాను.

తర్వాత ఆయన నిజంగానే రాలేదు. "ఇంత ఈగో ఏంటి మేడం వాళ్ళకు" అని సార్ నా దగ్గర గింజుకున్నారు. "సంచి మీది కాదు కదండీ" అన్నాను. మిల్లు మీద వేరేవాళ్ళను పెట్టారు. మామూలు రబ్బరు కలిపారు గానీ, రెండు రబ్బర్ల మిశ్రమం దగ్గర చేతులెత్తేశారు. బ్యాచి వెనక బ్యాచి మా లాబులో ఫెయిలైంది. నేను ఒక్కదాన్నీ పాస్ చేయలేదు. పాస్ చేయాల్సిందిగా ఎవరూ అడగలేదు కూడా, నా మొహం అలా ఉండేది కాబోలు. బండ్ల కంపెనీకి సరుకు పంపాల్సిన తేదీ దగ్గర పడింది. న్యాయం కన్నా డెలివరీ తేదీయే ఎక్కువ పని చేసిందని నా అనుమానం. ఏది పని చేస్తేనేం, ఒకరోజు మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు అందరూ గేటు దగ్గరికి రావాలని కబురొచ్చింది.

పొద్దున షిఫ్టువాళ్ళు లోపలినుంచి, రెండో షిఫ్టువాళ్ళు బయటినుంచి వచ్చి గుంపుగా నిలబడ్డారు. మేస్త్రీ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, చేతిలో సంచితో, గేటుకు అవతలే నిలబడ్డారు, ఇంకా లోపలికి అడుగుపెట్టలేదు. అక్క ప్రెస్ సెక్షన్ ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని ముందు వరసలోకి వచ్చేసింది. సార్ వాచీ చూసుకుంటూ వచ్చి, గబగబా చెప్పారు.

"మేస్త్రీ విషయంలో ఎంక్వైరీ జరిగింది. ఆయన మీద ఏమీ రుజువు కాలేదు. రేపటినుంచి అందరూ ఎప్పట్లాగే పని చేసుకోండి."

చెప్పి వెనక్కి తిరిగారు. గుంపు కదలబోయింది. నా పక్కనున్న లాబు కుర్రవాడు, "పోనీలెండి మేడం, చెప్పారు" అన్నాడు. నాకూ అదే అనిపించింది. పెద్దమనిషి అంతకంటే ఏం దిగుతాడు అనుకున్నాను.

"సార్" అని గేటు అవతలనుంచి మేస్త్రీ పిలిచారు. గొంతు పెంచలేదు. "రుజువు కాలేదంటే, దొరకలేదు అని అర్థమైతది సార్. నేను దొంగను కానని చెప్పుండ్రి. జెర గట్టిగ చెప్పుండ్రి, ఎనకున్నోళ్ళకు ఇనవడలే."

ఎవ్వరూ కదల్లేదు. సార్ మా వైపు చూశారు, ఆడవాళ్ళ వైపు చూశారు, చివరికి మేస్త్రీ వైపు చూశారు. వాచీ ఉన్న చెయ్యి కిందికి దించారు.

"మేస్త్రీ దొంగ కాదు. ఆయన ఏమీ తీయలేదు. ఆయన సంచి వెతికించడం నా తప్పు" అన్నారు. ఈసారి రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ పోతున్నవాడు కూడా ఆగి చూశాడు.

మేస్త్రీ తల ఊపారు. సంచిని రెండో చేతిలోకి మార్చుకుని, గేటు దాటి, మా అందరి మధ్యనుంచి మిల్లు వైపు నడిచి వెళ్ళారు.